పాత ఇల్లు, కొత్త లోడు

వీధి గుమ్మం పక్కన ఒక చెక్క పలక. దాని మీద మీటరు, మీటరు కింద రెండు తెల్లటి పింగాణీ ఫ్యూజులు, ఆ పక్కన ఇనప పెట్టెలో మెయిన్ స్విచ్చి. అక్కణ్ణుంచి వేలెడు వెడల్పు టేకు బద్దీ ఒకటి గోడెక్కి, దూలం వెంబడి సాగి, గదిగదికీ చీలిపోతుంది. బద్దీ మీద రెండు తీగలు పక్కపక్కన, జానెడు దూరానికో రేకు క్లిప్పు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ తరవాతి రెండు మూడు దశాబ్దాల్లో కరెంటు పెట్టించుకున్న మన పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో, తొలినాటి డాబాల్లో ఈ బద్దీ వైరింగే ఎక్కువ. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అది అలాగే ఉంది. కొన్నిచోట్ల సున్నాలు, రంగులు పొరలు పొరలుగా పడి తీగ, బద్దీ ఏకమైపోయాయి.

ఆ పని చేసిన మేస్త్రులను తక్కువ చెయ్యడానికి లేదు. గాలి తగిలేలా పైకే కనిపించే తీగ చల్లగా ఉంటుంది. ఎక్కడ తెగినా, ఎక్కడ మాడినా కంటికి కనిపిస్తుంది. గోడలో గాడి కొట్టి పైపులో దాచేసిన తీగకు ఈ రెండు సుఖాలూ లేవు. ఆనాటి ఇంట్లో ఆ తీగ మొయ్యాల్సిన బరువు కూడా తక్కువే. నలభై వాట్లవో అరవై వాట్లవో ఆరు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ ఒక్కసారే వేసినా 500 వాట్లు దాటదు. 230 వోల్టుల దగ్గర అది రెండు ఆంపియర్ల పైచిలుకు.

ఇప్పుడు అదే ఇంట్లో టన్నున్నర ఏసీ ఉంది, సుమారు 1,700 వాట్లు. గీజరు 2,000, ఇండక్షన్ పొయ్యి 2,000, ఇస్త్రీపెట్టె 1,000, మిక్సీ 750. వీటికి నీళ్లు వేడి చేసుకునే వాషింగ్ మెషీను, అరగుర్రం మోటారు, ఫ్రిజ్జు. పొద్దున ఏడింటికి వీటిలో సగం నడిచినా పదిహేను, ఇరవై ఆంపియర్లు. ఇల్లు అదే, గోడ అదే, తీగ అదే. తీగలో నడిచే కరెంటు పది రెట్లు పెరిగింది. పాత వైరింగు గురించి వచ్చే ప్రశ్నల్లో సగానికి జవాబు ఇక్కడే ఉంది. వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. కరెంటు పది రెట్లయితే వేడి వంద రెట్లు.

తీగ సంగతి తెలుసుకోవాలంటే మెయిన్ ఆపి, ఇన్వర్టరు కూడా ఆపి, పాత స్విచ్చి ఒకటి విప్పి చూడాలి. పైనున్న తొడుగు నల్ల రబ్బరా, పీవీసీయా? రబ్బరైతే వంచి చూడగానే పెళుసుగా చిట్లి పొడిపొడిగా రాలుతుంది. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు అది. గాలికి, వేడికి ఏళ్ల తరబడి ఆరి బిగుసుకుపోతుంది. తీగ కదలనంత కాలం ఆ చిట్లిన తొడుగు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎవరో ఫ్యాను మార్చడానికి తీగను పక్కకు లాగినప్పుడు ఊడిపడుతుంది. నిన్నటిదాకా బాగున్న వైరింగు ఫ్యాను మార్చగానే షార్టయిందంటే కారణం ఇదే.

తొడుగు లోపల తీగ తెల్లగా మెరిస్తే అల్యూమినియం అనుకుని కంగారు పడతారు. చాకుతో మెల్లగా గీకండి. లోపల ఎర్రటి రాగి కనబడితే అది తగరం పూత పూసిన రాగి. రబ్బరులోని గంధకం రాగిని తినెయ్యకుండా వేసిన పూత అది. గీకిన కొద్దీ తెలుపే వచ్చి, రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగితే అల్యూమినియం. రాగి దిగుమతి మీద ఆధారపడ్డ రోజుల్లో మన దేశంలో ఇళ్లకు అల్యూమినియం తీగలు చాలానే వేశారు.

అల్యూమినియంతో ఇబ్బంది తీగ పొడవునా ఉండదు, చివర్లలో ఉంటుంది. గాలి తగలగానే దాని మీద సన్నటి ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొరకు కరెంటును పోనిచ్చే గుణం లేదు. పైగా మెత్తటి లోహం, మర కింద బిగిస్తే కాలక్రమాన నలిగి పక్కకు జరుగుతుంది. వేడెక్కినప్పుడు ఇత్తడి మర కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారి సంకోచిస్తుంది. రోజూ ఇదే జరిగి బిగువు సడలుతుంది. దాన్ని రాగి తీగతో నేరుగా మెలిపెడితే, చెమ్మ తగిలిన చోట రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అతుకు పాడవుతుంది. అమెరికాలో 1965 నుంచి 1973 దాకా కట్టిన చాలా ఇళ్లలో ఇదే తీగ వేసి, అతుకుల దగ్గర నిప్పు పుట్టడం చూశాక జాగ్రత్త పడ్డారు. అల్యూమినియం వైరింగున్న ఇంట్లో గీజరు, ఏసీ పెట్టదలచుకుంటే వాటికి మీటరు దగ్గర్నుంచి కొత్త రాగి తీగ విడిగా లాగాల్సిందే. ఈ విషయంలో రాజీ వద్దు.

రాగికైనా అతుకు అతుకే. ఒక వదులు జాయింటుకు 0.2 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. అందులోంచి పది ఆంపియర్లు నడిస్తే అక్కడ పుట్టే వేడి 20 వాట్లు. రేడియోలు బాగుచేసే దుకాణంలో సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంత వేడి, బఠాణీ గింజంత చోట, టేపు చుట్టిన చీకట్లో, కొయ్య బోర్డు వెనక! వోల్టేజి తగ్గేది రెండు వోల్టులే కాబట్టి బల్బు మినుకుమనదు, ఫ్యాను నెమ్మదించదు. ఫ్యూజుకూ తెలియదు, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే ఎంసీబీ స్విచ్చికీ తెలియదు. వాటి లెక్కలో నడుస్తున్నది పది ఆంపియర్లే, తప్పేమీ లేదు. వేడికి రాగి నల్లబడుతుంది, నల్లబడితే నిరోధం పెరుగుతుంది, నిరోధంతో వేడీ పెరుగుతుంది. కాబట్టి ముక్కును నమ్మండి. కాలిన బేకలైటు ఘాటు వాసన, ప్లగ్గు తీయగానే పిన్నులు చురుక్కుమనడం, సాకెట్టు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, స్విచ్చి వేసినప్పుడు లోపల చిటపట: వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ పాయింటు వాడటం ఆ రోజే ఆపెయ్యాలి.

ఇక పింగాణీ ఫ్యూజు. కరెంటు మితిమీరితే తీగ కరిగి తెగిపోతుంది. దీనికన్నా సరళమైన రక్షణ లేదు, సరైన తీగ వేసినంత వరకూ. ఏ రాత్రో ఫ్యూజు పోతుంది, ఫ్యూజు వైరు దొరకదు. పక్కనున్న వైరు ముక్కలోంచి ఒక పోగు లాగి చుట్టేస్తారు. ఎంత లావు పోగు ఎన్ని ఆంపియర్లకు కరుగుతుందో పందొమ్మిదో శతాబ్దంలోనే విలియం ప్రీస్ అనే బ్రిటిష్ ఇంజనీరు సూత్రం కట్టాడు. రాగి పోగు వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దాని వర్గమూలంతో గుణించి, 80తో హెచ్చిస్తే వచ్చేది దాదాపుగా ఆ కరెంటు. మన మేస్త్రులు ఇప్పటికీ ‘త్రీ ట్వంటీటూ’ అనే పాత తీగలో ఇరవై రెండో గేజి పోగులు మూడుంటాయి. ఒక్కో పోగు వ్యాసం 0.71 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 48 ఆంపియర్లు వస్తుంది. అంటే ఆ ఒక్క పోగు ఫ్యూజులో చుడితే, 48 ఆంపియర్లు నడిచేదాకా అది తెగదు. అది కాపాడాల్సిన తీగ మొయ్యగలిగింది సుమారు పది ఆంపియర్లు. ఫ్యూజు తెగేలోపు గోడ మీది తీగే ఫ్యూజైపోతుంది.

పింగాణీ ఫ్యూజు తీసేసి ఎంసీబీ పెట్టించుకుంటే ఈ పోగుల బాధ తప్పుతుంది. అయితే ఎంసీబీ సైజును గోడలో ఉన్న తీగను బట్టి నిర్ణయించాలి, తగిలించబోయే వస్తువును బట్టి కాదు. పది ఆంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది బిగించడం, పాత ఫ్యూజులో లావు పోగు చుట్టడం ఒకటే పని.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఇల్లు అంటుకోకుండా కాపాడుకునే సంగతి. మనిషి ప్రాణం సంగతి వేరు. దానికి లెక్క ఆంపియర్లలో ఉండదు, ఆంపియరులో వెయ్యో వంతైన మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్ల్స్ డాల్జీల్ ఆరోగ్యవంతులైన వలంటీర్ల మీద జాగ్రత్తగా ప్రయోగాలు చేసి, చేతిలో తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు దాకా తనంతట తాను వదిలించుకోగలడో కొలిచాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పిడికిలి మూసే కండరాలు తెరిచే కండరాల కన్నా బలమైనవి కావడంతో చెయ్యి తీగను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ‘కరెంటు పట్టేసింది’ అంటామే, ఆ పట్టు మన చేతిదే. యాభై, వంద మిల్లీ ఆంపియర్లు ఒకటి రెండు సెకన్లు ఛాతీ గుండా పోతే గుండె లయ తప్పి, కొట్టుకోవడం మాని వణుకుతుంది. తడి చేత్తో, ఒట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి నిరోధం వెయ్యి ఓమ్‌ల దరిదాపుల్లోకి దిగజారుతుంది. 230 వోల్టులకు అది 230 మిల్లీ ఆంపియర్లు. అయిదు ఆంపియర్ల ఫ్యూజు చూపుకు ఆ కరెంటు ఆననే ఆనదు. మనిషి పడిపోయినా ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉంటుంది.

అందుకే మూడో పిన్ను. మూడింటిలో లావైనది, పొడవైనది అదే. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తగిలేది, తీసేటప్పుడు ఆఖరున విడిపోయేది అదే. పాత ఇంట్లో రెండు రంధ్రాల సాకెట్లే ఉంటాయి, లేదా మూడో రంధ్రం ఉన్నా దాని వెనక తీగ ఉండదు. ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటే, కంప్యూటరు పెట్టె తాకితే జిల్లుమంటుంది. ‘ఎర్తు కొడుతోంది’ అని చెప్పులు వేసుకుని సరిపెట్టుకుంటారు. ఆ జిల్లు తరచుగా ఆ వస్తువు లోపలున్న ఫిల్టరు కెపాసిటర్ల ద్వారా వచ్చే అతి చిన్న కరెంటు. మామూలుగా అయితే ఎర్తు తీగలో చడీచప్పుడు లేకుండా వెళ్లిపోవాల్సింది. వెళ్లే దారి లేక మన చేతిని వెతుక్కుంది. దానంతట అది ప్రాణం తియ్యదు. కానీ ఎర్తు లేదని చెబుతోంది. రేపు లోపల ఫేజు తీగ ఊడి రేకుకు తగిలితే, ఆ కరెంటూ ఇదే దారిలో వస్తుంది.

ఆ జిల్లు పోగొట్టడానికి కొందరు చేసే పని ఒకటుంది. సాకెట్టు లోపల ఎర్తు రంధ్రాన్ని చిన్న తీగ ముక్కతో న్యూట్రలుకు కలిపేస్తారు. జిల్లు పోతుంది, ఇంటివాళ్లు సంతోషిస్తారు. పాత ఇంట్లో ఇంతకన్నా ప్రమాదకరమైన పని లేదు. ఎక్కడో న్యూట్రలు అతుకు ఊడిన క్షణాన, ఫ్రిజ్జులోంచి తిరిగి రావాల్సిన కరెంటు ఆ తీగ ముక్క గుండా ఫ్రిజ్జు రేకంతా పాకుతుంది. వస్తువులో ఏ లోపమూ లేకుండానే దాని ఒళ్లు 230 వోల్టులకు చేరుతుంది. అలాంటి ముక్క మీ ఇంట్లో ఉందేమో ప్రతి సాకెట్టూ విప్పించి చూడండి.

మరి పెరట్లో బొగ్గు, ఉప్పు వేసి, పైపు దింపి ఎర్తు తీస్తే సరిపోతుందా? ఇక్కడ కాస్త నిదానించాలి. ఎర్తు తీశాం కాబట్టి భయం లేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. మన ఎర్తు గుంత నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. కొండరాతి నేలల్లో, ఎండాకాలం గుంత ఆరిపోయినప్పుడు అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. వీధి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రలుకు తీసిన ఎర్తు 5 ఓమ్‌లు అనుకుందాం. గీజరు లోపల ఫేజు రేకుకు తగిలింది. కరెంటు మన గుంతలోంచి నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మరు గుంత గుండా పైకి వెళ్లాలి. మొత్తం 25 ఓమ్‌లు. 230ని 25తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. గీజరుకు వేసింది 16 ఆంపియర్ల ఎంసీబీ, అది కదలదు. గీజరు ఒళ్లు, దానికి తగులుకున్న పైపులు 184 వోల్టుల దగ్గర నిలబడిపోతాయి. మీటరు మాత్రం గంటకు రెండు యూనిట్ల చొప్పున తిరుగుతూ నేలను వేడి చేస్తుంటుంది. ఇంట్లో ఎర్తుంది, ఎంసీబీ ఉంది. అయినా స్నానానికి వెళ్లిన మనిషికి రక్షణ లేదు.

ఈ లోటు తీర్చేది ఆర్‌సీసీబీ. దుకాణాల్లో ఈఎల్‌సీబీ అని కూడా అడుగుతుంటారు. వదలలేని కరెంటును కొలిచిన డాల్జీలే 1961లో ఇలాంటి పరికరాన్ని రూపొందించాడు. దాని పని పొద్దున మేతకు తోలిన మంద సాయంత్రం అంతా తిరిగొచ్చిందా అని దొడ్డి గుమ్మం దగ్గర లెక్క చూసుకోవడం లాంటిది. లోపల ఒక ఇనప వలయం ఉంటుంది. ఫేజు, న్యూట్రలు రెండూ దాని గుండా పోతాయి. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందులో కొంత మనిషి గుండానో తడిగోడ గుండానో నేలలోకి జారిపోతే తేడా మిగులుతుంది. ఆ తేడా వలయానికి చుట్టిన మరో తీగచుట్టలో కరెంటు పుట్టించి మీట పడేస్తుంది. ఇళ్లకు వాడేది 30 మిల్లీ ఆంపియర్లది. తేడా అంతకు చేరితే సెకనులో మూడో వంతు లోపల, అయిదు రెట్లయితే 40 మిల్లీ సెకన్లలో పడిపోతుంది. ఇందాకటి గీజరులో తేడా 9,200 మిల్లీ ఆంపియర్లు. గుంత నిరోధం వెయ్యి ఓమ్‌లున్నా ఇది ఊరుకోదు. అసలు ఎర్తు తీగే లేని పాత సాకెట్టు దగ్గర కూడా, మనిషి తాకిన క్షణాన పడిపోతుంది. ఎర్తు ఉంటే మనిషి తాకక ముందే పడిపోతుంది. రెండూ ఉండాలనడానికి కారణం అదే.

దీని హద్దులూ తెలియాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే దానికి తేడా కనిపించదు, కాపాడదు. ఎక్కువ లోడునూ ఆపదు, దానికి ఎంసీబీ ఉండాల్సిందే. పాత ఇంట్లో దీన్ని పెట్టగానే అరగంటకోసారి పడిపోయి విసిగించడమూ ఉంది. అప్పుడు మేస్త్రి, ‘ఇది మీ ఇంటికి పడదండీ, తీసేద్దాం’ అంటాడు. తియ్యనివ్వకండి. చాలాసార్లు కారణం కలగాపులగమైన న్యూట్రలు. ఒక గదికి ఫేజు ఒక దారిలో వచ్చి, న్యూట్రలు దగ్గరుందని పక్క గది దాన్నుంచి కలిపేసి ఉంటారు. ఇన్వర్టరు పెట్టినప్పుడు ఇంటి న్యూట్రళ్లన్నీ ఒకే ముడిలో కట్టేసి ఉంటారు. ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు వేరే దారిలో తిరిగొస్తుంటే, అది తన పనే తాను చేస్తోంది. ఒక్కో సర్క్యూటునూ విడదీసి, దేని న్యూట్రలు దానికి ఇచ్చి చూడాలి. అప్పటికీ పడుతుంటే 500 వోల్టుల మెగ్గరుతో తొడుగు నిరోధం కొలిపించాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిన తీగ మార్చాల్సిన తీగ.

న్యూట్రలు గురించి ఇంకో మాట. మొదట్లో చెప్పిన పలక మీద రెండు పింగాణీ ఫ్యూజులున్నాయి కదా. ఒకటి ఫేజుకు, రెండోది న్యూట్రలుకు అయితే రెండోదాన్ని తీయించి గట్టి లింకు వేయించాలి. న్యూట్రలు ఫ్యూజు పోతే ఇల్లంతా చీకటైపోతుంది, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతాం, ఫేజు మాత్రం ప్రతి బోర్డులోనూ కాచుకుని ఉంటుంది. న్యూట్రలు తెగినట్టు టెస్టరే చెబుతుంది. ఏదైనా వస్తువు స్విచ్చి వేసి ఉన్నప్పుడు సాకెట్టు రెండు రంధ్రాల్లోనూ టెస్టరు వెలిగితే, కరెంటు వచ్చింది గానీ తిరిగి వెళ్లే దారి లేదని అర్థం. స్విచ్చి ఆపినా హోల్డరులో టెస్టరు వెలుగుతుంటే, స్విచ్చిని ఫేజుకు బదులు న్యూట్రలులో వేశారు. ఆ ఇంట్లో బల్బు మార్చేటప్పుడు మెయిన్ ఆపడం తప్పనిసరి.

వానాకాలంలో ప్రమాదం ఇంటి బయట నుంచీ వస్తుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు తీగను ఒక ఇనప తీగకు కట్టి, దాన్ని చూరుకో ఇనప గొట్టానికో బిగిస్తారు. ఎండకీ గాలికీ ఒరుసుకుని తొడుగు అరిగిపోతుంది. ఆ గొట్టానికో రేకుల పంచకో ఇనప దండెం కట్టి ఉంటుంది. వాన వెలిశాక తడి బట్టలు ఆరెయ్యడానికి వెళ్లిన ఇల్లాలు, ఆమెను లాగబోయిన భర్త, కొడుకు. మన పత్రికల జిల్లా పేజీల్లో ఏటా చదివే వార్త ఇది. సర్వీసు తీగ ఇంటి మీటరు కన్నా ముందుంటుంది కాబట్టి ఇంట్లోని ఏ ఆర్‌సీసీబీ దీన్ని ఆపలేదు. ఇనప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టడం ఒక్కటే దీనికి మందు. సర్వీసు తీగ తొడుగు చిట్లితే విద్యుత్ సంస్థకు చెప్పి మార్పించుకోవాలి. పట్టేసిన మనిషిని చేత్తో లాగకూడదు. ముందు కరెంటు ఆపాలి. సర్వీసు తీగను ఆపే స్విచ్చి ఇంట్లో ఉండదు కనుక ఎండిన కర్రతో మనిషిని విడదీసి, ఊపిరి లేకపోతే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, 108కి ఫోను చేయించాలి.

ఇల్లంతా ఒకేసారి తిరగ వైరింగు చేయించే స్థోమత అందరికీ ఉండదు. డబ్బు చాలనప్పుడు నా సలహా వరస ఇది: ముందు ఎర్తు గుంత, ఆర్‌సీసీబీ. ఈ నెలలోనే, వేరే ఖర్చు ఆపుకొనైనా. తరవాత నీళ్లున్న చోట్లు, అంటే స్నానాలగది, వంటిల్లు, మోటారు. వాటికి మీటరు నుంచి విడిగా రాగి తీగ, గీజరుకూ ఏసీకీ నాలుగు చదరపు మిల్లీమీటర్లది, మామూలు ప్లగ్గులకు రెండున్నరది, ప్రతిదానికీ ఎర్తు తీగతో. లైట్లూ ఫ్యాన్లూ మోస్తున్న పాత బద్దీ తీగ పీవీసీదై, మెగ్గరు పరీక్షలో నెగ్గితే, ఈసారి ఇంటికి రంగులు వేయించేదాకా ఉండనివ్వచ్చు. రబ్బరుదైతే ఆగకూడదు. ఆర్‌సీసీబీ మీద ‘టి’ అని రాసిన బొత్తాం ఒకటుంటుంది, మూడు నెలలకోసారి నొక్కి చూడండి. పడకపోతే అది చెడిపోయినట్టు. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని తీగల్లో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. ఆ సర్క్యూట్లు కూడా ఆర్‌సీసీబీ కిందికి వచ్చేలా కట్టించి, ఇన్వర్టరు ఆపే స్విచ్చి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి, మెయిన్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.